పాత పడవ కొనే ముందు

మన మోర్తాడ్ చుట్టుపక్కల చాలా ఊళ్ళకు చెరువులు ఉన్నాయి. ఇంకొంత దూరం పోతే పోచంపాడ్ వస్తుంది. అక్కడ గోదావరికి అడ్డంగా శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కట్టారు. 1963లో నెహ్రూ దానికి పునాదిరాయి వేశారు. కట్టకు 42 గేట్లు ఉన్నాయి. నీళ్ళు 1091 అడుగుల మట్టానికి వస్తే ప్రాజెక్టు నిండినట్టు లెక్క. అప్పుడు ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ళే నీళ్ళు.

చెరువులో చేపలు పట్టడానికి తెప్ప సరిపోతుంది. ప్రాజెక్టు నీళ్ళలో పట్టాలంటే గట్టి పడవ కావాలి. కొత్త పడవకు పైసలు ఎక్కువ అవుతాయి. అందుకే మొదటిసారి కొనేవాళ్ళు పాత పడవ ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు.

పడవ ఎక్కేది ఎక్కువగా మగవాళ్ళే. కానీ పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? పొదుపు సంఘంలో అప్పు తీసుకునేది మీరు. సంతకం పెట్టేది మీరు. నెల నెలా కిస్తు కట్టేది మీరు. చేపల గంప నెత్తిన పెట్టుకొని వాడ వాడ తిరిగి అమ్మేది కూడా మీరే. అయినా బేరం చేసే నాడు మాత్రం "నీకు పడవ గురించి ఏం తెలుసు, ఇంట్ల కూసో" అంటారు. అక్కలారా, పడవ చూడటానికి పెద్ద చదువు అక్కర లేదు. కళ్ళు, చేతులు, ఒక బకెట్, ఒక కాగితం, ఒక పెన్ను ఉంటే చాలు. అవి మీ దగ్గర ఉన్నాయి.

ముందు నీళ్ళ సంగతి

పడవ కొన్నాం, ఇక రేపటి నుంచి వేట అనుకుంటే కుదరదు. ఆ నీళ్ళలో చేపలు పట్టే హక్కు మనకు ఉందా? ఇది మొదటి ప్రశ్న.

ఊరి చెరువు అయితే మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటుంది. సంఘంలో సభ్యులైన వాళ్ళే చేపలు పడతారు. ప్రాజెక్టు అయితే మత్స్యశాఖ లైసెన్సు కావాలి. జిల్లా మత్స్యశాఖ ఆఫీసు నిజామాబాద్‌లో ఉంది. లైసెన్సు ఎవరికి ఇస్తారు, ఎంత కట్టాలి, ఎన్నాళ్ళకు ఒకసారి కట్టాలి అని అక్కడ అడగండి. పడవ అమ్మేవాడు "లైసెన్సు కూడా పడవతోనే వస్తది" అని చెప్పవచ్చు. ఆ మాట నమ్మి పైసలు ఇవ్వకండి. అదే మాట ఆఫీసులో అడిగి రండి.

ఇంకో సంగతి. వానాకాలంలో చేపలు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో ప్రాజెక్టులో వేట ఆపుతారు. వేట ఆగితే రాబడి ఆగుతుంది. కిస్తు ఆగదు. అప్పు తీసుకునే నాడే ఆ నెలల కోసం ఎంత దాచాలో రాసి పెట్టుకోండి.

ఏ పడవ?

థర్మకోల్ తెప్పను మీరు చూసే ఉంటారు. థర్మకోల్ ముక్కలను సంచిలోనో వలలోనో గట్టిగా కట్టి తయారు చేస్తారు. చవక. తేలిక. ఒక్కరే ఎత్తుకొని పోవచ్చు. చెరువుకు అది మంచిదే. గాలికి అలలు లేచే ప్రాజెక్టు నడుమకు దాన్ని తీసుకొని పోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పాత తెప్ప కొంటే పైన కట్టిన సంచి విప్పించి చూడండి. ఎండకు పచ్చబడి పొడి రాలుతుంటే అది అయిపోయినట్టే. చేతితో ఎత్తి చూడండి. బరువుగా ఉంటే లోపల నీళ్ళు తాగింది. థర్మకోల్ మీద పెట్రోలు పడితే కరిగిపోతుంది. ఇది చాలా మందికి తెలియదు.

పుట్టి గుండ్రంగా, పెద్ద గంప లాగా ఉంటుంది. లోపల వెదురు అల్లిక. కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు. వెదురు దగ్గర నేల మీద సన్నని పిండి రాలి ఉంటే పురుగు తొలుస్తున్నట్టు. తారు పగిలి పెచ్చులు లేస్తుంటే మళ్ళీ పూయాలి, దానికి ఖర్చు ఉంది. పుట్టికి ముందు వెనక లేదు. తెడ్డు వేయడం రాకపోతే ఉన్న చోటనే గిర్రున తిరుగుతుంది. కొత్తవాళ్ళు అనుభవం ఉన్న మనిషి పక్కన కూర్చొని చాలా రోజులు నేర్చుకోవాలి. పని చెడిపోతే "పుట్టి మునిగింది" అని మనం ఊరికే అనడం లేదు.

చెక్క పడవ అయితే ఒక మేకు తీసుకొని పోండి. పలకను అక్కడక్కడ మేకుతో గుచ్చండి. గట్టి చెక్కలో మేకు దిగదు. పుచ్చిన చెక్కలో మెత్తగా దిగుతుంది. ముఖ్యంగా కింది పలకలు, మూలలు, మేకులు కొట్టిన చోట్లు చూడాలి. చాలా రోజులు ఎండలో ఉన్న చెక్క పడవను నీళ్ళలో పెట్టగానే కారుతుంది. ఎండకు పలకలు ముడుచుకొని సందులు పడతాయి. నీళ్ళు తాగితే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. కాబట్టి మొదటి గంటలో కారితే అప్పుడే వద్దనకండి. అట్లని "అదే మూసుకుంటదిలే" అనే మాట విని కూడా కొనకండి. రెండో రోజు పోయి మళ్ళీ చూడండి.

ఫైబర్ పడవ పుచ్చదు, తుప్పు పట్టదు. గాజు పోగుల బట్టను రసాయనం పోసి గట్టి పరిచి చేస్తారు. ఈ రోజుల్లో ఎక్కువ మంది దీని కోసమే అడుగుతున్నారు. కానీ ఫైబర్ పడవలో లోపం రంగు కింద దాక్కుంటుంది. అందుకే దీని సంగతి కొంచెం ఎక్కువగా చెప్పుకోవాలి.

పడవ చూడటానికి పోయారు

ఒక ఇంట్లో అత్తమ్మ, కోడలు, కొడుకు ముగ్గురూ కలిసి ఫైబర్ పడవ చూడటానికి ఒడ్డుకు పోయారనుకుందాం. పడవ నీలం రంగుతో మెరుస్తున్నది.

"అక్కా, నిన్ననే రంగేసిన. కొత్తదాని లెక్కనే ఉంది చూడు" అన్నాడు అమ్మే మనిషి.

"ఏటా ఏస్తవా బిడ్డా, అమ్మేటప్పుడే ఏసినవా?" అని అడిగింది అత్తమ్మ.

"ఏటా ఏస్త అవ్వా."

"మరి పాత రంగు పొరలేవి? గోటితో గీకితె ఒక్కటే పొర ఉన్నదిగద!"

ఆయన మాట్లాడలేదు.

"అన్నా, పడవను బోర్ల వెయ్యున్రి. కింద చూస్తం" అన్నది కోడలు.

"కింద ఏముంటదక్కా? నీళ్ళల్ల ఉండేది. కింద ఎవలు చూస్తరు?"

"నీళ్ళు చూస్తయి గదనే."

నలుగురు పట్టి పడవను బోర్లా వేశారు. కోడలు చేతిలో ఒక రూపాయి బిళ్ళ ఉంది. దానితో పడవ కింది భాగమంతా తట్టుకుంటూ పోయింది. టక్ టక్ మని గట్టి చప్పుడు వచ్చింది. ఎడమ పక్కన ఒక చోట చప్పుడు మారింది. బొద్దుగా, బోలుగా వినిపించింది. అక్కడ జానెడు మేర రంగు మందంగా ఉంది. అంటే అక్కడ అతుకు ఉంది.

అతుకు ఉన్నంత మాత్రాన పడవ పనికిరానిది కాదు. రాయి తగిలి పగిలిన చోట ఫైబర్ బట్ట వేసి అతుకుతారు. బాగా అతికితే ఏళ్ళ తరబడి ఉంటుంది. అతుకు అంచు గోటికి లేస్తున్నదా, చుట్టూ పగుళ్ళు ఉన్నాయా, లోపలి వైపు తడి ఉన్నదా చూడాలి. లోపలి నుంచి కూడా బట్ట వేశారా చూడాలి. పైపైన పూసినదైతే అది అతుకు అనిపించుకోదు.

తర్వాత పడవను మళ్ళీ నిలబెట్టి లోపలికి దిగండి. చెప్పులు విడిచి నడవండి. పాదం కింద పడవ మెత్తగా దిగుతున్నట్టు అనిపిస్తే అక్కడ పొరలు విడిపోయాయి. అటువంటి చోట్లు రెండు మూడు ఉంటే ఆ పడవ వద్దు. ఎంత చవకకు ఇచ్చినా వద్దు. వెనక పలకను రెండు చేతులతో పట్టి ఊపండి. ఇంజను బిగించేది ఆ పలకకే. దాని లోపల చెక్క ఉంటే ఆ చెక్క పుచ్చవచ్చు. పైకి కనపడదు, ఊపితే కదులుతుంది. చాలా మంది ఈ పలకను చూడనే చూడరు.

నీళ్ళలో పెట్టి చూడందే పైసలు ఇవ్వొద్దు

పడవ ఒడ్డు మీద ఎంత బాగున్నా సరే, నీళ్ళలో పెట్టి చూడాలి. అమ్మేవాడు "నా మీద నమ్మకం లేదా?" అంటాడు. అది నమ్మకం సంగతి కాదు, పడవలో కూర్చొని పోయేది మన ఇంటి మనిషి. "నమ్మకం ఉన్నదే, జర నీళ్ళల్ల పెట్టున్రి" అని నవ్వుతూ చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

ఒడ్డు దగ్గర, నడుము లోతు నీళ్ళలో పెట్టండి. ఈత వచ్చిన వాళ్ళు పక్కన ఉండాలి. రోజూ పోయే ఇద్దరు, వల, పట్టిన చేపలు, ఇవన్నీ కలిపి ఎంత బరువు అవుతుందో అంత మంది ఎక్కి కూర్చోవాలి. ఇద్దరు మనుషులు 120 కిలోలు, వల, చేపలు 60 కిలోలు అనుకుంటే మొత్తం 180 కిలోలు. అంటే ముగ్గురు మనుషులు. అందరూ ఎక్కిన తర్వాత నీటి మట్టం నుంచి పడవ అంచు దాకా చేతితో కొలవండి. జానెడు కంటే తక్కువ ఉంటే చిన్న అలకే నీళ్ళు లోపలికి వస్తాయి. పడవ ఒక పక్కకు ఒరుగుతున్నదా? అది కూడా చూడండి.

తర్వాత అందరూ దిగి, పడవను ఒక రాత్రి నీళ్ళలోనే కట్టి పెట్టించండి. పొద్దున పోయి లోపలి నీళ్ళను బకెట్‌తో తోడండి. ఎన్ని బకెట్లు వచ్చాయో లెక్క పెట్టండి.

ఒక లీటరు నీళ్ళ బరువు ఒక కిలో. మన ఇళ్ళలో బకెట్ 15 లీటర్లది అనుకుందాం. ఒక బకెట్ నీళ్ళు 15 కిలోలు. పొద్దున 4 బకెట్లు తోడారు.

4 × 15 = 60 కిలోలు

అంటే రాత్రికి రాత్రి ఒక మనిషి అంత బరువు పడవలోకి ఎక్కింది. వల నిండా చేపలతో నడుమ నీళ్ళలో ఉన్నప్పుడు ఇట్లా అయితే ఏమవుతుందో ఆలోచించండి. రెండు చెంబుల నీళ్ళు వస్తే భయం లేదు. రాత్రి వాన పడితే మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఇంకో రోజు చూడాలి.

పాత పడవ చూడటానికి ఎండాకాలం మంచిది. నీళ్ళు వెనక్కి పోయి పడవలు ఒడ్డు మీద ఉంటాయి. కింది భాగం బాగా కనపడుతుంది. మృగశిర కార్తె నాడు ఇంటింటా చేపలు వండుకుంటారు కాబట్టి ఆ ముందు రోజుల్లో వేటకు గిరాకీ ఉంటుంది. అప్పుడు అమ్మేవాళ్ళు ధర దిగరు. తొందర లేనివాళ్ళు ఆ రోజుల్లో బేరానికి పోకపోవడమే మేలు.

ఇంజను గురించి రెండే మాటలు. మొదటి పడవకు ఇంజను లేకున్నా నడుస్తుంది. తెడ్డు, గడ చాలు. ఇంజను ఉన్నదే కొనాలంటే, చూడటానికి పోగానే ముందు దాని మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చే ముందే నడిపించి పెట్టారు. చల్లబడిన ఇంజను మొదటి గుంజుకే అందుకుంటదా, ఎన్ని గుంజులకు అందుకుంటది అన్నది తెలియాలి. అందుకని అది చల్లారే దాకా అక్కడే కూర్చోండి. చాయ్ తాగండి.

ధర ఎంత? ఖర్చు ఎంత?

అమ్మేవాడు చెప్పేది పడవ ధర ఒక్కటే. మనకు అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ. కింద ఉన్న అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ దగ్గర ధరలు వేరుగా ఉంటాయి.

పడవకు అడిగిన ధర 20,000
అతుకు మళ్ళీ వేయించడానికి 3,000
తెడ్లు రెండు 1,000
ట్రాలీ కిరాయి 1,500
లైఫ్ జాకెట్లు రెండు 2,000
వల 5,000
మొత్తం 32,500

ఇప్పుడు మన చేతిలో 25,000 ఉన్నాయి. పడవ కాక మిగతా ఖర్చు ఎంత? 12,500. మరి పడవకు ఎంత పెట్టగలం?

25,000 – 12,500 = 12,500

కాబట్టి బేరం 20,000 దగ్గర మొదలైనా మనం 12,500 దాటి పోలేం. ఈ అంకె ఇంట్లోనే రాసుకొని పోవాలి. అక్కడికి పోయాక పడవ నచ్చితే మనసు ఆగదు. "ఇంకో ఐదు వేలు ఎక్కడన్న తెస్తలే" అంటాడు ఇంటాయన. ఆ ఐదు వేలు లైఫ్ జాకెట్ల పైసలు, అతుకు పైసలు. అవి తీసి పడవ ధరలో పెడితే పడవ వస్తుంది, జాకెట్ రాదు.

జాకెట్ ఖర్చు దండుగ అనే వాళ్ళు ఉన్నారు. "మాకు ఈత వచ్చు" అంటారు. కాలికి వల చుట్టుకుంటే ఈత ఏం చేస్తుంది? జాకెట్ వచ్చే దాకా మూత గట్టిగా పట్టే 20 లీటర్ల ఖాళీ డబ్బాలు పడవకు తాడుతో కట్టి పెట్టండి. ఒక డబ్బా పట్టుకుంటే మనిషి తల నీటి పైన ఉంటుంది. కానీ సోయి తప్పిన మనిషి డబ్బా పట్టుకోలేడు. జాకెట్టే కావాలి.

2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చేపలు పట్టేవాళ్ళకు ప్రమాద బీమా పెట్టారు. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకు 5 లక్షల రూపాయలు అందులో ఉన్నాయి. మీ ఇంటాయన పేరు బీమాలో రాయించారా అని సంఘంలో అడగండి. అడిగితేనే తెలుస్తుంది.

అప్పు లెక్క కూడా చూద్దాం. 20,000 రూపాయి వడ్డీకి తెస్తే నెలకు వడ్డీ 200. మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600. పది నెలలకు తేడా 4,000. అంటే ఒక వల పైసలు దాదాపు వడ్డీలోనే పోయాయి.

కాగితం రాసుకోండి

అమెరికాలో బాస్ అనే చేపను సరదా కోసం పడతారు. దాని కోసమే పడవలు తయారు చేస్తారు. పాతవి కొంటారు, అమ్ముతారు. 1972 నుంచి అక్కడ కంపెనీలో తయారైన ప్రతి పడవ మీద 12 అక్షరాలు, అంకెలు కలిపిన ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరును బట్టి పడవను గుర్తు పడతారు. మన పుట్టికి, నాటు పడవకు అటువంటి నంబరు ఎక్కడిది? రేపు ఎవరైనా వచ్చి "ఇది మా తమ్ముని పడవ" అంటే మనం చూపించేది కాగితం ఒక్కటే.

పడవ ఒక్కరిదేనా, అన్నదమ్ములదా అడగండి. ఇద్దరిదైతే ఇద్దరూ సంతకం పెట్టాలి. పడవ మీద అప్పు ఉన్నదా అడగండి. సర్కారు సబ్సిడీ మీద వచ్చినదైతే అమ్మే వీలు ఉందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో తెలుసుకోండి. అప్పు మీ పేరున తీసుకుంటే కాగితం కూడా మీ పేరున రాయించండి. దీని గురించి ఇంట్లో గొడవ పడే పని లేదు. సంఘం పుస్తకంలో ఎవరి పేరు ఉందో కాగితంలో అదే పేరు ఉండాలి, అంతే.

కాగితం ఇట్లా ఉంటుంది:

అమ్మకం కాగితం
తేదీ: ..........
అమ్మినవారు: పేరు, తండ్రి పేరు, ఊరు ..........
కొన్నవారు: పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు ..........
పడవ: ఫైబర్ పడవ. పొడవు 16 అడుగులు. నీలం రంగు. కింద ఎడమ పక్కన జానెడు అతుకు ఉంది.
ధర: 12,500 రూపాయలు. అక్షరాల పన్నెండు వేల ఐదు వందల రూపాయలు మాత్రమే.
ఈ పైసలు పూర్తిగా ముట్టినవి. ఈ పడవ మీద వేరే ఎవరికీ వాటా లేదు. అప్పు లేదు.
అమ్మినవారి సంతకం ..........
కొన్నవారి సంతకం ..........
సాక్షులు ఇద్దరు ..........

ధరను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. 12,500 పక్కన ఒక సున్నా పెట్టడం ఎవరికైనా వస్తుంది. అక్షరాలను మార్చడం అంత సులువు కాదు. పైసలు ముట్టిన రసీదు 5,000 రూపాయలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం తీసుకోవాలి. ఖాళీ కాగితం మీద మీరు సంతకం పెట్టకండి, ఎదుటివారిని పెట్టమనకండి. పైసలు ఫోన్‌లో పంపితే వచ్చిన మెసేజ్‌ను చెరిపేయకండి. ఆ మెసేజ్ నంబరును కూడా కాగితంలో రాయండి. ఒకరు చదివి వినిపిస్తే విని సంతకం పెట్టే రోజులు మీకు పోయాయి. కూడబలుక్కుంటూనైనా సరే, మీరే చదవండి. ఎంత సేపైనా పట్టనీయండి. అమ్మేవాడు ఆగుతాడు, పైసలు మీ చేతిలోనే ఉన్నాయి కదా.

చదివి చేయండి

1. పొద్దున పడవలో నుంచి 15 లీటర్ల బకెట్‌తో 6 బకెట్లు తోడారు. ఎన్ని కిలోల నీళ్ళు?

2. మీ చేతిలో 30,000 ఉన్నాయి. పడవ కాక మిగతా ఖర్చు 14,000. పడవకు ఎంత పెట్టవచ్చు?

3. ఈ అంకెలను అక్షరాల్లో రాయండి: 9,500, 16,000, 21,750.

4. అమ్మకం కాగితాన్ని మీ పలక మీద చూసి రాయండి. కొన్నవారి దగ్గర మీ పేరు రాయండి.